ముంద్రా వాటాలు, మంత్రిగారి జవాబు

లోక్‌సభలో స్పీకరు కుర్చీకి పక్కగా అధికారుల గ్యాలరీ ఒకటి ఉంటుంది. ప్రశ్నోత్తరాల వేళ ఏ శాఖ వంతు వస్తే ఆ శాఖ పెద్దలు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని అక్కడ కూర్చుంటారు. సభలో నోరు విప్పే హక్కు వాళ్ళకు లేదు. ఎవరైనా సభ్యుడు ఊహించని అనుబంధ ప్రశ్న వేశాడా, గ్యాలరీలో ఒక చెయ్యి గబగబా కాగితం ముక్క మీద ఏదో రాస్తుంది. ఆ చీటీ మంత్రి చేతికి అందుతుంది. మంత్రి నిలబడే ఉండి, దాన్ని ఒక్క చూపు చూసి, సొంత మాటలాగా చెప్పాలి. చీటీ రాసింది కార్యదర్శే కావచ్చు. రికార్డులోకి ఎక్కేది మాత్రం మంత్రి పేరు, మంత్రి మాట.

గత భాగంలో అప్పటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారి దగ్గర ఆగాం. 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు వాగులో పడ్డప్పుడు ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూ వద్దన్నారు. నవంబరులో అరియలూరు దగ్గర మళ్ళీ అలాంటిదే జరిగింది. ఈసారి శాస్త్రిగారు ఆగలేదు. పట్టాలు తనిఖీ చేయాల్సింది ఆయన కాదు, అయినా బాధ్యత తనదే అన్నారు. అది జరిగి ఏడాది తిరిగిందో లేదో, అదే మంత్రివర్గంలో మరో పెద్ద మంత్రికి అదే పరీక్ష వచ్చింది. ఈసారి వచ్చింది రైలు ప్రమాదం రూపంలో కాదు, సభలో వేసిన ఒక ప్రశ్న రూపంలో.

కథ బీమా డబ్బుతో మొదలవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో జీవిత బీమా అంతా ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండేది. మన వైపు తీసుకుంటే భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టి, రెండేళ్ళకు ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ స్థాపించారు. బతికుండగానే చావు లెక్క ఏమిటని ముఖం చిట్లించే ఇళ్ళలో కూర్చుని, బడిపంతుళ్ళకూ చిన్న రైతులకూ నచ్చచెప్పి పాలసీలు కట్టించిన ఏజెంట్ల కష్టం మీద ఇలాంటి కంపెనీలు నిలబడ్డాయి. అన్ని కంపెనీలూ అలా నిలబడలేదు. పాలసీదార్ల సొమ్మును యజమానులు తమ ఇతర వ్యాపారాల్లోకి మళ్ళించుకున్నవి ఉన్నాయి, దివాలా తీసినవి ఉన్నాయి. 1955 డిసెంబరులో రాయబరేలీ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడొకరు లోక్‌సభలో లేచి, ఒక పెద్ద పారిశ్రామిక కుటుంబం బీమా సొమ్మును ఎలా వాడుకుందో అంకెలతో సహా విప్పి చెప్పారు. పేరు ఫిరోజ్ గాంధీ. ప్రధానమంత్రి నెహ్రూకు అల్లుడు.

1956 జనవరి 19 రాత్రి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ రేడియోలో మాట్లాడి, జీవిత బీమా వ్యాపారం యాజమాన్యం మొత్తాన్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ ఏడు సెప్టెంబరు 1న ఎల్.ఐ.సి. పుట్టింది. స్వదేశీ కంపెనీలు 154, విదేశీ కంపెనీలు 16, ప్రావిడెంట్ సొసైటీలు 75, మొత్తం 245 సంస్థలు అందులో కలిశాయి. బందరు కంపెనీ కూడా కలిసింది. ప్రభుత్వం పెట్టిన మూలధనం 5 కోట్ల రూపాయలు. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ప్రైవేటు యజమాని పాలసీదారుడి డబ్బు వాడుకుంటున్నాడు కాబట్టి ప్రభుత్వం తీసుకుంది. ప్రభుత్వం పేరు చెప్పి ఇంకెవరైనా వాడుకుంటే? ఈ ప్రశ్నకు జవాబు దేశం పది నెలల్లోనే వెతుక్కోవలసి వచ్చింది.

కలకత్తాలో హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి ఉండేవారు. విద్యుత్ దీపాలు అమ్ముకునే స్థితి నుంచి పైకి వచ్చి, తెల్లదొరలు వదిలిపోతున్న పాత కంపెనీల వాటాలు కొంటూ పెద్దవారయ్యారు. కొనడానికి అప్పు, ఆ వాటాలు తాకట్టు పెట్టి మళ్ళీ అప్పు, దాంతో మళ్ళీ కొనుగోలు. వాటాల ధర పెరుగుతున్నంతకాలం ఈ బండి నడుస్తుంది. 1957 నాటికి నడవడం కష్టమైంది. బ్యాంకులు డబ్బు అడుగుతున్నాయి.

ఆ జూన్ నెల చివరి వారంలో ఎల్.ఐ.సి. ముంద్రా చేతిలోని ఆరు కంపెనీల వాటాలు కొంది. రిచర్డ్‌సన్ అండ్ క్రడాస్, జెస్సప్, స్మిత్ స్టానిస్ట్రీట్, ఓస్లర్ ల్యాంప్స్, ఏంజెలో బ్రదర్స్, కాన్పూరులోని బ్రిటిష్ ఇండియా కార్పొరేషన్. చెల్లించిన మొత్తం సుమారు 1 కోటి 26 లక్షలు. అంటే ఎల్.ఐ.సి. పుట్టినప్పుడు ప్రభుత్వం పెట్టిన మూలధనంలో నాలుగో వంతు. నయాపైసలు వచ్చి ఇంకా మూడు నెలలు కాని రోజులవి. అణాలెక్కన పొదుపు చేసి ప్రీమియం కట్టినవాళ్ళ డబ్బు అది. ఇలాంటి కొనుగోళ్ళు చూడటానికి ఎల్.ఐ.సి.లో పెట్టుబడుల కమిటీ ఉంది. ఆ కమిటీని ముందుగా అడగలేదు. మాటలు నడిచింది బొంబాయిలో, ఆర్థికశాఖ ప్రధాన కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ సమక్షంలో. ఎల్.ఐ.సి. ఛైర్మన్ జి.ఆర్. కామత్, మేనేజింగ్ డైరెక్టర్ ఎల్.ఎస్. వైద్యనాథన్ దాన్ని అమలు చేశారు.

అప్పటికి ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి. మద్రాసులో వ్యాపారం నడిపి రాజకీయాల్లోకి వచ్చినవారు, రాజ్యాంగ ముసాయిదా సంఘంలో పనిచేసినవారు. చురుకైన బుర్ర, పదునైన నాలుక. ఆ ఏడు బడ్జెట్‌లో సంపద పన్ను, వ్యయపు పన్ను ప్రవేశపెట్టి డబ్బున్నవాళ్ళతో వైరం తెచ్చుకున్నారు. ఆయన ముంద్రాకు మేలు చేయాలనుకునే మనిషి అని ఎవరూ అనలేదు. ఈ కథలో నాకు బాధ కలిగించేది కూడా అదే. స్వార్థం లేని మనిషి, తెలివి ఉన్న మనిషి, సభకు నిండు జవాబు చెప్పకపోవడం వల్ల దిగిపోవలసి రావడం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ప్రశ్న అనేది సభలో ఎలా నడుస్తుందో చూద్దాం. ఈ ధారావాహిక మొదటి భాగాల్లో చెప్పినట్టు, బ్రిటిషు కాలపు 1892 చట్టం ప్రశ్న అడగడానికి అనుమతి ఇచ్చిందే గాని, జవాబు విన్నాక మళ్ళీ అడగడానికి ఇవ్వలేదు. దొర చెప్పింది విని కూర్చోవాలి. 1909లో అడిగినవాడికి ఒక అనుబంధ ప్రశ్న వేసే హక్కు వచ్చింది. 1919 సంస్కరణల తరవాతే ఆ హక్కు సభ్యులందరికీ దక్కింది. నా దృష్టిలో ప్రశ్నోత్తరాల ప్రాణం అంతా ఈ అనుబంధ ప్రశ్నలోనే ఉంది. మొదటి ప్రశ్నకు జవాబు ముందే అచ్చు వేసుకొస్తారు. శాఖలో నలుగురు కూర్చుని, ఒక్కో మాటా తూచి, అబద్ధం కాకుండా, నిజం మొత్తం బయటపడకుండా రాయగలరు. రెండో ప్రశ్న ఎటు నుంచి వస్తుందో తెలియదు. అందుకే మౌఖిక జవాబు కోరే ప్రశ్నకు నక్షత్రం గుర్తు పెడతారు. ఆ చిన్న గుర్తు ఉంటేనే మంత్రి లేచి నిలబడాలి, అనుబంధ ప్రశ్నలకు ఒళ్ళు అప్పగించాలి. గుర్తు లేకపోతే రాతపూర్వకంగా జవాబు ఇచ్చి ఊరుకోవచ్చు.

ఇలాంటి సందర్భాల్లో పనికొచ్చే మాట ఒకటి చూడండి. 'మార్కెట్టు ధరకే కొన్నాం.' ఇందులో అబద్ధం లేదు. కానీ ఏ రోజు మార్కెట్టు ధర? సోమవారం పదహారు రూపాయలున్న వాటాను ఎవరో వారమంతా కొంటూ పోయి శనివారానికి ఇరవై చేశారనుకోండి. శనివారం ఇరవైకి కొన్నవాడు కూడా మార్కెట్టు ధరకే కొన్నట్టు. అచ్చువేసిన జవాబు అక్కడ ఆగిపోతుంది. అడగగలిగినవాడు 'అంతకు ముందు సోమవారం ఎంతుంది?' అంటాడు.

ముంద్రా వ్యవహారం మీద మొదటి ప్రశ్న 1957 సెప్టెంబరు 4న లోక్‌సభకు వచ్చింది. అడిగింది బీహారుకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు డాక్టర్ రామ్ సుభగ్ సింగ్. ఆ రోజు ఆర్థికశాఖ తరఫున వచ్చిన జవాబులో అసలు సంగతి బయటపడలేదు. ఆరు కంపెనీలు, కోటీ పాతిక లక్షలు, బొంబాయి సమావేశాలు, ఇవేవీ సభ ముందుకు రాలేదు. ఆ రోజే సంగతంతా చెప్పి, 'పొరపాటు జరిగింది, విచారిస్తాం' అని ఉంటే ఎలా ఉండేదో! గోటితో పోయేది గొడ్డలిదాకా తెచ్చుకున్నారు.

నవంబరు 29న మళ్ళీ ప్రశ్న. ఈసారి టీటీకే స్వయంగా లేచారు. అనుబంధ ప్రశ్నలు ముసురుకున్నాయి. ప్రభుత్వమే ఒక వ్యాపారిని ఆదుకోవడానికి బీమా సంస్థను వాడిందన్న అనుమానాన్ని తోసిపుచ్చాలని ఆయన చూశారు గాని, ఒక్కో జవాబూ మరో ప్రశ్నకు తలుపు తెరిచింది. అడుగుతున్నవాళ్ళు ప్రతిపక్షంవాళ్ళు కూడా కాదు. ఆ ఏడు ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 371 స్థానాలు వచ్చాయి. ప్రతిపక్ష నాయకుడి హోదా పొందదగ్గ పార్టీయే సభలో లేదు. అలాంటి సభలో పాలకపక్షం బల్లల మీద నుంచే ఈ ప్రశ్నలు లేచాయి. పార్టీ విప్ చేతిలో ఉన్నవాడు తన మంత్రిని నిలదీయడం ఈ రోజుల్లో మనం ఎన్నిసార్లు చూస్తున్నాం?

ఆ రోజుల్లో స్పీకరు కుర్చీలో ఉన్నది మనవారే. తిరుపతి దగ్గర తిరుచానూరులో 1891లో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. చిత్తూరులో న్యాయవాది, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళినవారు. మావలంకర్ కింద డిప్యూటీ స్పీకరుగా పనిచేసి, ఆయన పోయాక 1956 మార్చిలో స్పీకరయ్యారు. అనుబంధ ప్రశ్నలు ఎన్నింటిని అనుమతించాలి, ఎక్కడ 'ఇక చాలు' అనాలి అన్నది పూర్తిగా స్పీకరు విచక్షణ. తన పార్టీ మంత్రి ఇబ్బంది పడుతున్నాడని ఆ తలుపు మూయడం ఎవరికైనా తేలిక. ఆయన కాలంలో ఈ వ్యవహారం ప్రశ్న నుంచి చర్చకు, చర్చ నుంచి విచారణకు నడిచిందంటే, ఆ తలుపు మూసుకోలేదన్నమాట. ముంద్రా కథ చెప్పేవాళ్ళు ఫిరోజ్‌ను తలుస్తారు, తరవాత విచారణ జరిపిన న్యాయమూర్తి చాగ్లాను తలుస్తారు. కుర్చీలో ఉన్న తిరుచానూరు పెద్దాయన్ను తలిచేవాళ్ళు తక్కువ.

డిసెంబరు 16న చర్చ. ఫిరోజ్ గాంధీ లేచారు. ఈ రోజు దెబ్బలు గట్టిగానే పడతాయి, నేను కొట్టినప్పుడు గట్టిగా కొడతాను, అంతకంటే గట్టి దెబ్బ తినడానికీ సిద్ధమే అన్న ధోరణిలో మొదలుపెట్టారు. అవతలి పక్షం దగ్గర కూడా టీఎన్‌టీ దండిగా ఉందని తెలుసునన్నారు. ఆర్థికమంత్రి పొడి అక్షరాల మీద పడ్డ ఆ మందుగుండు మాట విని సభ నవ్వింది గాని, తరవాత వచ్చిందంతా అంకెలే. ఒప్పందానికి ముందు రోజుల్లో ముంద్రా వాటాల ధరలు ఎలా పైకి ఎగబాకాయో చదివారు. మార్కెట్టును నిలబెట్టడానికే కొన్నామంటే, మార్కెట్టులో ఎన్నో కంపెనీలుండగా ఒక్క మనిషి వాటాలే ఎందుకు కొన్నారు? మార్కెట్టులో కొనకుండా ఆ మనిషి దగ్గరే చాటుగా ఎందుకు కొన్నారు? కొన్న సొమ్ము మార్కెట్టుకు చేరిందా, ముంద్రా అప్పులవాళ్ళకు చేరిందా? ఎల్.ఐ.సి.ని పుట్టించింది పార్లమెంటు, ఆ పుట్టించిన సభకే దాని మీద కాపలా కాసే ధర్మం ఉందన్నది ఆయన వాదం సారం. మామగారు ప్రభుత్వపు ముందు వరసలో ఉన్నారు. అల్లుడు గొంతు తగ్గించలేదు.

ఈ మాటలు మర్నాడు పత్రికల్లో నిర్భయంగా అచ్చయ్యాయి. దాని వెనక ఇంకో కథ ఉంది. సభలో సభ్యుడు ఏమన్నా అతని మీద కేసు వేయడానికి వీల్లేదు. కానీ ఆ మాటను అచ్చువేసిన పత్రిక మీద పరువునష్టం దావా వేయవచ్చు. ధనవంతుల పేర్లు సభలో వినబడ్డా పత్రికల్లో కనబడేవి కావంటే ఆ భయమే కారణం. సభలో జరిగినదాన్ని నిజాయితీగా, దురుద్దేశం లేకుండా ప్రచురించే పత్రికకు రక్షణ ఇస్తూ 1956లో ఒక చట్టం వచ్చింది. అది ప్రభుత్వం తెచ్చిన బిల్లు కాదు, ఒక సభ్యుడు సొంతంగా పెట్టిన బిల్లు. ఆ సభ్యుడూ ఫిరోజే. ఢిల్లీ ఇంగ్లీషు పత్రికకు ఎంత రక్షణో, బెజవాడలో చదివే తెలుగు పత్రికకూ అంతే. ప్రీమియం రసీదు పెట్టెలో దాచుకున్న బందరు పంతులుగారికి తన డబ్బు ఎటు పోయిందో పేర్లతో సహా తెలిసే దారి అలా ఏర్పడింది.

ప్రభుత్వం విచారణకు ఒప్పుకుంది. 1958 జనవరిలో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో ఏకసభ్య కమిషన్ వేశారు. చాగ్లా తలుపులు మూసి విచారించలేదు. జనం ముందే సాక్ష్యాలు తీసుకున్నారు. లోపల చోటు చాలని జనానికి వినబడేందుకు బయట లౌడ్‌స్పీకర్లు పెట్టారు. వాటాల లావాదేవీ గురించిన సాక్ష్యం వినడానికి బొంబాయి గుమాస్తాలు, చిన్న ఉద్యోగులు ఎగబడ్డారంటే ఈనాడు నమ్మశక్యం కాదు. రిజర్వు బ్యాంకు గవర్నరు అయ్యంగార్, స్టేటు బ్యాంకు ఛైర్మన్ భట్టాచార్య, కార్యదర్శి పటేల్, చివరికి ఆర్థికమంత్రి కూడా వచ్చి సాక్ష్యం చెప్పారు. ప్రభుత్వ అటార్నీ జనరల్ సెతల్వాడ్ కమిషన్‌కు సహాయంగా నిలబడి సాక్షులను ప్రశ్నించారు.

అక్కడ మంత్రికి, కార్యదర్శికి మధ్య ఉన్న పగులు బయటపడింది. మంత్రికి తెలిసే, ఆయన ఆమోదంతోనే చేశానని కార్యదర్శి అంటారు. సంగతి చూడమన్నానే గాని ఈ ఒప్పందానికి ఒప్పుకోలేదని మంత్రి అంటారు. నాలుగు గోడల మధ్య ఇద్దరు అనుకున్న మాటకు మూడో సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

ఫిబ్రవరి 10న, అంటే నెల తిరక్కుండానే, చాగ్లా నివేదిక ఇచ్చేశారు. మార్కెట్టును నిలబెట్టడానికే కొన్నామన్న వాదన నిలవదన్నారు. కొనుగోలు వ్యాపార సూత్రాల ప్రకారం జరగలేదన్నారు. మంత్రి విషయంలో ఆయన తీర్పు చాలా స్పష్టం: తన కార్యదర్శి చేసిన పనికి మంత్రే బాధ్యుడు, అతని చాటున దాక్కోవడానికి గాని, అతను చేసినదాన్ని నాది కాదనడానికి గాని వీల్లేదు. చివర్లో భవిష్యత్తు కోసం కొన్ని సూత్రాలు చెప్పారు. వాటిలో ఒకటి నేరుగా ఆ సెప్టెంబరు జవాబు గురించే రాసినట్టుంటుంది. మంత్రి ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా పార్లమెంటును విశ్వాసంలోకి తీసుకోవాలి, సంబంధించిన వివరాలన్నీ సభ ముందు పెట్టాలి, అలా చేయకపోతే సభకు ఆ సంగతి వేరే దారిలో తెలిసి ప్రభుత్వం ఇరుకున పడుతుంది అని.

టీటీకే రాజీనామా చేశారు. ఈ వ్యవహారంలో మీ పాత్ర అతి స్వల్పమని నమ్ముతున్నానంటూనే నెహ్రూ దాన్ని అంగీకరించారు. స్నేహితుడికి ఓదార్పు మాట చెప్పారు, పదవి మాత్రం నిలబెట్టలేదు. ఆ నెల 28న బడ్జెట్ ప్రవేశపెట్టడానికి ఆర్థికమంత్రే లేకపోవడంతో నెహ్రూయే ఆ శాఖ తీసుకుని బడ్జెట్ చదివారు. మార్చిలో మొరార్జీ దేశాయ్ వచ్చారు.

ముంద్రా జైలుకు వెళ్ళారు. అధికారుల తప్పొప్పులు తేల్చడానికి జస్టిస్ వివియన్ బోస్ నాయకత్వంలో మరో విచారణ జరిగింది. ఫిరోజ్ గాంధీ ఎక్కువ రోజులు బతకలేదు. 1960 సెప్టెంబరు 8న, నలభై ఎనిమిదో ఏడు నిండటానికి నాలుగు రోజుల ముందు గుండె ఆగి పోయారు. టీటీకే 1962లో మంత్రివర్గంలోకి, ఆ తరవాత మళ్ళీ ఆర్థికశాఖకు తిరిగి వచ్చారు. 1965 చివర మరోసారి రాజీనామా చేశారు. అది ఇంకో కథ.

పత్రికలకు రక్షణ ఇచ్చిన ఫిరోజ్ చట్టాన్ని ఎమర్జెన్సీలో రద్దు చేశారు. రద్దు చేసింది ఆయన భార్య ఇందిర ప్రభుత్వం. 1977లో ఎన్నికై వచ్చిన జనతా ప్రభుత్వం దాన్ని తిరిగి చట్టం చేసింది.

ఆ జనతా ప్రభుత్వంలో ఆర్థికమంత్రిగా లోక్‌సభలో లేచి నిలబడి, అనుబంధ ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చినవారు హెచ్.ఎం. పటేల్. ఇరవై ఏళ్ళ కిందట అదే శాఖకు ప్రధాన కార్యదర్శి ఆయన. ఇప్పుడు గ్యాలరీ నుంచి చీటీలు రాసి పంపేవాళ్ళు వేరే ఉన్నారు.